పునీత ఇన్నాసివారు నేర్పిన మనస్సాధన

మన విచారణల్లో ఇన్నయ్య, ఇన్నారెడ్డి, ఇన్నాసమ్మ అనే పేర్లు తరచుగా వినిపిస్తుంటాయి. తాతగారి పేరని మనుమడికి పెట్టుకొంటాం, జ్ఞానస్నానపు పుస్తకంలో వ్రాయించుకొంటాం. ఐతే ఆ పేరుగల పునీతుడు ఎవరు, ఆయన మనకు ఏమి ఇచ్చిపోయాడు అని అడిగితే మనలో చాలమందిమి తడుముకొంటాం. విజయవాడలో 1953లో స్థాపితమైన ఆంధ్ర లొయోలా కళాశాల మనందరికీ తెలుసు. ఆ లొయోలా అనేది ఈ పునీతుడు పుట్టిన కోట పేరు. యేసుసభను స్థాపించిన మహానుభావుడుగా చరిత్ర ఆయనను గుర్తుపెట్టుకొంది. ఈ శతజయంతి సంచికలో మేము ఆ సభ చరిత్రను వ్రాయబోవడం లేదు. మనసు కుంగిపోయినవాడు మళ్ళీ సంతోషంగా బ్రతకడం నేర్చుకోవచ్చునా, ఒంటికి వ్యాయామం ఉన్నట్లే మనసుకు గూడ ఉన్నదా అనే ప్రశ్నకు ఆయన జీవితమే ఒక జవాబు. ఆ జవాబును మాత్రమే ఇక్కడ చదువరుల ముందు ఉంచుతాం.

1. కోటలోని యువకుడు

స్పెయిను దేశపు ఉత్తర భాగంలో బాస్కు ప్రాంతమనే కొండసీమ ఉంది. అక్కడ అస్పేతియా అనే ఊరికి దగ్గరగా ఉన్న లొయోలా కోటలో 1491లో ఇన్నాసివారు పుట్టాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఇనిగో. పదముగ్గురు బిడ్డల్లో కడపటివాడు. యౌవనంలో కాస్తీలియా రాజ్యపు కోశాధికారి ఇంట పెరిగి, రాచమర్యాదలూ కత్తిసామూ నేర్చుకొన్నాడు. మంచి బట్టలు, బిగుతైన బూట్లు, పేరుప్రతిష్ఠలు అంటే ఆయనకు ప్రాణం. ఆ పోషకుడు 1517లో చనిపోగా నవార్రా రాజప్రతినిధి కొలువులో చేరాడు.

1521 మే 20న ఫ్రెంచి సైన్యం పంప్లోనా కోటను ముట్టడించింది. ఫిరంగి గుండు తగిలి ఇనిగో కుడికాలు విరిగింది, ఎడమ కాలికి గూడ గాయమైంది. శత్రువులే ఆయన శౌర్యాన్ని గౌరవించి ఇంటికి పంపించారు. వైద్యులు విరిగిన ఎముకను సరిగా కూర్చలేదని మళ్ళీ విరిచి కట్టారు. జూన్ నెలాఖరున రాయప్ప చిన్నప్పల పండుగ ముందటి రోజున బ్రతుకుతాడనే ఆశ కూడ వదలుకొన్నారు. ఆ రాత్రి గండం గడిచింది. ఐతే కాలి మీద ఒక ఎముక బుడిపెలా పొడుచుకొని వచ్చింది. దానితో బూటు తొడిగితే అందంగా ఉండదని, మత్తుమందులు లేని ఆ రోజుల్లో, ఆ ఎముకను రంపంతో కోయించుకొన్నాడు. అంత చేసినా జీవితాంతం కుంటుతూనే నడిచాడు.

2. రెండు రకాల పగటి కలలు

మంచంలో నెలల తరబడి పడివున్నవాడికి పొద్దు ఎలా పోతుంది? చదువుకొనేందుకు వీరుల కథలు తెమ్మన్నాడు. ఆ ఇంట అలాంటి పుస్తకాలు లేవు. సాక్సనీ లుడాల్ఫు వ్రాసిన క్రీస్తునాధుని చరిత్ర, పునీతుల జీవితాలు అనే రెండు పుస్తకాలు మాత్రమే దొరికాయి. వేరే దారిలేక వాటినే చదివాడు.

పుస్తకం ప్రక్కన పెట్టినప్పుడు ఆయన మనసు రెండు దారుల్లో పోయేది. ఒక దారిలో తాను ప్రేమించిన గొప్ప ఇంటి స్త్రీని ఎలా మెప్పించాలి, ఆమె ముందు ఏ సాహసం చేయాలి అని మూడు నాలుగు గంటలు ఊహించుకొనేవాడు. మరో దారిలో ఫ్రాన్సిసువారు, దోమినిక్‌వారు చేసిన పనులను తాను గూడ చేస్తే ఎలా ఉంటుంది అని ఊహించుకొనేవాడు. రెండు ఊహలూ కలిగినంతసేపు తియ్యగానే ఉండేవి. ఐతే మొదటి ఊహ ముగిసిన తర్వాత మనసు ఎండిపోయి, అసంతృప్తి మిగిలేది. రెండవది ముగిసిన తర్వాత గూడ ఆనందం నిలిచి ఉండేది.

చాలకాలం దీన్ని ఆయన పట్టించుకోలేదు. ఒకరోజు ఈ తేడా తటాలున కంటబడింది. ఇన్నాసివారి బోధ అంతా ఈ చిన్న గమనిక నుండి పుట్టింది. ఒక ఆలోచన మంచిదా చెడ్డదా అని తెలిసికోవాలంటే, అది వచ్చేటప్పుడు ఎంత తియ్యగా ఉందో చూస్తే చాలదు. అది వెళ్ళిపోయిన తర్వాత మనసును ఏ స్థితిలో వదలిపెట్టిందో గూడ చూడాలి. మనం ఇతరులను గూర్చి చెడుగా చెప్పుకొని లేచివచ్చినపుడు మనసు ఎలా ఉంటుంది? రోగిని పలకరించి వచ్చినపుడు ఎలా ఉంటుంది? ఈ లెక్క వేసికోవడానికి చదువు అక్కరలేదు.

ఆ రోజుల్లోనే ఆయన తాను చదివినదానిలోని ముఖ్యమైన విషయాలను ఒక పుస్తకంలోనికి ఎత్తి వ్రాసుకొన్నాడు. క్రీస్తు పలుకులను ఎర్ర సిరాతోను, మరియమాత పలుకులను నీలి సిరాతోను వ్రాశాడు. ఇంచుమించు 300 పుటలు నింపాడు. రాత్రివేళ ఆకాశాన్ని, చుక్కలను చాలసేపు చూస్తూ కూర్చోవడం ఆయనకు అన్నిటికంటె పెద్ద ఓదార్పు.

3. మన్రేసాలో చీకటి

1522లో ఇల్లు వదలి మొన్సెరాత్ కొండమీది మరియమాత దేవాలయానికి వెళ్ళాడు. మార్చి 24 రాత్రి జాగారం చేసి, కత్తిని అక్కడ వదలిపెట్టి, ఖరీదైన బట్టలను ఒక బిచ్చగానికి ఇచ్చి, గోనెగుడ్డ తొడుగుకొన్నాడు. అక్కడి నుండి దగ్గరలోని మన్రేసా పట్టణానికి వచ్చాడు. కొద్దిరోజులు ఉండి పోదామనుకొన్నవాడు పది నెలలకు పైగా ఉండిపోయాడు.

పాతజీవితాన్ని వదలిపెట్టాడు కాబట్టి ఇక అంతా సంతోషమే అనుకొంటాం. జరిగింది వేరు. మొన్సెరాత్‌లో మూడు రోజులపాటు వ్రాసికొని మరీ పాపసంకీర్తనం చేసినా, ఏదో ఒక పాపాన్ని సరిగా చెప్పలేదేమో అనే అనుమానం ఆయనను పట్టుకొంది. మళ్ళీ చెప్పేవాడు, మళ్ళీ అనుమానం వచ్చేది. రోజుకు ఏడు గంటలు మోకాళ్ళమీద ప్రార్థన చేసినా అది వదలలేదు. చివరికి తాను ఉంటున్న గదిలోని ఒక పెద్ద గుంతలోనికి దూకి చనిపోదామా అనే తలంపు గూడ పదేపదే వచ్చింది. ఆత్మహత్య పాపమని ఎరిగినవాడు గనుక, ప్రభూ, నిన్ను నొప్పించే పని చేయను అని మొరపెట్టుకొంటూ ఆ తలంపును ఎదుర్కొన్నాడు. ఒక ఆదివారం నుండి మరో ఆదివారం దాకా ఏమీ తినకుండా ఉపవాసమున్నాడు. పాపసంకీర్తన గురువు వెంటనే తినమని ఆజ్ఞాపించగా విధేయుడై తిన్నాడు. రెండు రోజులు శాంతి దొరికింది. మూడవ రోజు అనుమానాలు తిరిగివచ్చాయి.

అప్పుడు ఇన్నాసివారు లొయోలాలో మంచంమీద నేర్చుకొన్న పాఠాన్ని జ్ఞప్తికి తెచ్చుకొన్నాడు. ఈ ఆలోచన ఎక్కడ మొదలయింది, ఒక పాపం జ్ఞాపకం వస్తే దాని వెనుక మరొకటి గొలుసులా ఎలా వచ్చింది, చివరకు తనను ఎక్కడికి చేర్చింది అని మెట్టు మెట్టుగా పరిశీలించాడు. పశ్చాత్తాపంలాగ కనిపించినా, దాని చివర ఉన్నది మంచి జీవితం పట్ల విసుగూ నిరాశా మాత్రమే. కాబట్టి అది దేవుని నుండి వచ్చినది కాదని తేల్చుకొన్నాడు. గడిచిన పాపాలను ఇక మళ్ళీ చెప్పనని నిశ్చయించుకొన్నాడు. ఆ రోజునుండి ఆ పీడ వదలిపోయింది. దానిని ఆయన తన గొప్పగా చెప్పుకోలేదు, దేవుని దయ అనే చెప్పాడు.

ఇంకొక చిన్న విషయం గూడ గమనించాలి. రాత్రి పడుకోబోయే సమయంలో గొప్ప గొప్ప భక్తి ఆలోచనలు వచ్చి ఆయన కున్న కొద్దిపాటి నిద్రనూ చెడగొట్టేవి. పగలంతా ప్రార్థనకు సమయం ఇచ్చాను గదా, ఇది నిద్రకు కేటాయించిన సమయం అని వాటిని ప్రక్కకు నెట్టి పడుకోవడం నేర్చుకొన్నాడు. తర్వాత బార్సెలోనాలో 33 ఏళ్ళ వయసులో చిన్నపిల్లలతో పాటు కూర్చుండి లతీను వ్యాకరణం వల్లిస్తున్నపుడు గూడ ఇలాగే జరిగింది. పాఠం చేతబట్టగానే భక్తి పొంగివచ్చేది, పూజలో కూర్చుంటే అంత వచ్చేది కాదు. చదువు మానిపించే భక్తి మంచిది కాదని గ్రహించి, రెండేళ్ళపాటు పాఠం తప్పనని ఉపాధ్యాయునికి మాట ఇచ్చాడు.

4. సాధనల పుస్తకం

మన్రేసాలో మొదలుపెట్టి ఎన్నో ఏళ్ళు దిద్దుకొన్న నోటు పుస్తకమే ఆధ్యాత్మిక సాధనలు. 1548లో మూడవ పౌలు పోపుగారు దానిని ఆమోదించగా రోములో అచ్చయింది. నేడు మనం చేసే చాల వడకాలకు ఈ పుస్తకమే మూలం. ఇది కథలా చదివి ప్రక్కన పెట్టే పుస్తకం కాదు. వంటల పుస్తకం చదివితే కడుపు నిండదు గదా! ఇది గూడ చేసి చూడవలసిందే. నడక, పరుగు దేహానికి సాధనలైనట్లే మనసును పరిశీలించుకోవడం, ధ్యానించుకోవడం ఆత్మకు సాధనలని ఆయన మొదట్లోనే వివరించాడు.

పూర్తి సాధన ఇంచుమించు 30 రోజులు పడుతుంది. దానిని నాలుగు వారాలుగా విభజించాడు. మొదటివారంలో మన పాపాన్ని, దేవుని కరుణను తలపోస్తాం. రెండవవారంలో క్రీస్తు జీవితాన్ని, మూడవవారంలో పాటులను, నాల్గవవారంలో ఉత్థానాన్ని ధ్యానిస్తాం. పనిపాటలు వదలి రాలేనివారు ఇంటివద్దనే ఉండి రోజుకు గంటన్నర చొప్పున చేసుకోవచ్చునని గూడ వ్రాశాడు. వయసు, చదువు, శక్తిని బట్టి ఎవరికి ఎంత తగునో అంతే ఇవ్వాలన్నాడు.

ధ్యానంలో ఊహాశక్తిని వాడుకోమనడం ఆయన పద్ధతిలో ముఖ్యం. బేత్లెహేము దారి ఎంత పొడవు, ఎంత వెడల్పు, గుహ ఎత్తు ఎంత, లోపల ఎవరున్నారు, ఏమి మాట్లాడుకొంటున్నారు అని కంటితో చూచినట్లు, చెవితో విన్నట్లు ఊహించుకోవాలి. మంచంమీద పగటి కలలతో పొద్దుపుచ్చినవాడు ఆ పగటి కలనే మందుగా మార్చుకొన్నాడు.

నాల్గవవారానికి ఇచ్చిన సూచనలు మనలో చాలమందికి ఆశ్చర్యం కలిగిస్తాయి. నిద్ర లేవగానే సంతోషకరమైన సంగతులను తలచుకోమన్నాడు. వెలుతురును అనుభవించమన్నాడు. వేసవిలో చల్లదనాన్ని, చలికాలంలో ఎండనో చలిమంటనో దేవుని సంతోషానికి తోడ్పడే వస్తువులుగా వాడుకోమన్నాడు. భక్తి అంటే ఎప్పుడూ ముఖం వ్రేలాడవేసికొని ఉండడం అనుకొనేవారికి ఈ మాట మంచి విరుగుడు.

5. రోజూ చేసే ఆత్మపరిశోధన

ఈ సాధనల్లో అన్నిటికంటె తేలికైనది, అన్నిటికంటె ఉపయోగపడేది దైనందిన ఆత్మపరిశోధన. దీనిలో ఐదు మెట్లున్నాయి. మొదటిది, ఆ రోజు పొందిన మేలులకు దేవునికి వందనాలు చెప్పడం. రెండవది, నన్ను నేను తెలిసికొనే వెలుగు ఇమ్మని వేడుకోవడం. మూడవది, లేచినప్పటినుండి గంట గంటకు ఏమి తలంచాను, ఏమి మాటలాడాను, ఏమి చేశాను అని చూచుకోవడం. నాల్గవది, తప్పులకు క్షమాపణ అడగడం. ఐదవది, రేపటికి నిర్ణయం చేసికోవడం.

ఈ మెట్ల వరుసను కొంచెం ఆలోచించండి. తప్పుల లెక్కకు ముందు మేలుల లెక్క వేయమన్నాడు. మన్రేసాలో తప్పులను మాత్రమే లెక్కపెట్టి చావు అంచుకు వెళ్ళివచ్చినవాడు ఈ వరుసను ఏర్పరచాడు. మనం మామూలుగా రాత్రి పడుకొని అప్పును, అల్లుడి కోపాన్ని, పొరుగువాడి మాటను నెమరువేసికొంటాం. అదీ రోజూ చేసే మానసిక సాధనే, ఐతే దుఃఖాన్ని పెంచే సాధన. దాని బదులు పది నిమిషాలు మొదట మేలులను, తర్వాత తప్పులను తలచుకోమని ఇన్నాసివారు చెప్పాడు.

ఒక్క దుర్గుణాన్నే పట్టి వదలించుకోవడానికి మరో పద్ధతి ఉంది. కోపిష్ఠి అనుకోండి. ఉదయం లేవగానే ఈ పూట కోపపడనని నిర్ణయించుకోవాలి. మధ్యాహ్నం భోజనం తర్వాత, రాత్రి భోజనం తర్వాత ఎన్నిమార్లు తప్పానో లెక్కచూచి కాగితంమీద గీసిన గీతపై అన్ని చుక్కలు పెట్టుకోవాలి. తప్పినప్పుడల్లా ఎవరికీ తెలియకుండా ఎదమీద చేయి వేసికోవాలి. నిన్నటి గీతతో నేటి గీతను, పోయినవారంతో ఈ వారాన్ని పోల్చుకోవాలి. తిండి విషయంలో గూడ ఇలాంటి యుక్తి ఒకటి చెప్పాడు. రేపటి భోజనం ఎంత తినాలో ఆకలి మీద ఉన్నపుడు కాక, తిని లేచిన తర్వాత నిర్ణయించుకోవాలి. నేటి మనోవైద్యులు గూడ ఆలోచనలను, అలవాట్లను కాగితంపై వ్రాసికొని గమనించుకోమని రోగులకు చెప్పడం మనం చూస్తున్నాం.

6. మనసు కుంగినపుడు

మనసుకు రెండు కాలాలుంటాయని ఆయన గుర్తించాడు. ఒకటి ఓదార్పు కాలం, రెండవది శుష్క కాలం. ఓదార్పులో దేవుడు దగ్గర ఉన్నట్లు, పని తేలికైనట్లు ఉంటుంది. శుష్కకాలంలో ప్రార్థన చేదవుతుంది, ఆశ సన్నగిల్లుతుంది, అంతా చీకటిగా తోస్తుంది. ఆ కాలానికి ఆయన ఇచ్చిన సలహాలు నాలుగు చెప్పుకొందాం.

మొదటిది, శుష్కకాలంలో పెద్ద నిర్ణయాలను మార్చరాదు. మంచిస్థితిలో ఉన్నపుడు చేసికొన్న నిర్ణయానికే కట్టుబడి ఉండాలి. కుంగిన మనసు చెప్పే సలహా నమ్మదగినది కాదు. చదువు మానుదామని, ఇల్లు విడిచిపోదామని, ప్రాణం తీసికొందామని తోచేది ఆ చీకట్లోనే.

రెండవది, మనసు లాగేదానికి కొంచెం ఎదురు నడవాలి. గంట ప్రార్థన భారమనిపిస్తే లేచిపోకుండా, గంటకు పైగా మరికొన్ని నిమిషాలు కూర్చోవాలి.

మూడవది, ఓదార్పు త్వరలో తిరిగివస్తుందని తలచుకొంటూ ఓర్పు పట్టాలి. అలాగే సంతోషంగా ఉన్నపుడు రాబోయే కష్టకాలాన్ని జ్ఞాపకం పెట్టుకొని బలం కూడబెట్టుకోవాలి. పంట ఇంటికి వచ్చినపుడే గాదె నింపుకొనే రైతుకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

నాల్గవది, లోపలి బాధను దాచుకోరాదు. పిశాచం రహస్యాన్ని కోరుకొంటుంది. మంచి గురువుకో అనుభవజ్ఞునికో విప్పి చెప్పిన వెంటనే దాని బలం తగ్గిపోతుంది. ఇన్నాసివారి పద్ధతి ఒంటరిగా తంటాలు పడమనే పద్ధతి కాదు. సాధన ఎవరికి వారు చేసికోవలసిందే గాని, ప్రక్కన మార్గదర్శి ఉండాలి. మన్రేసాలో ఆయన ప్రాణం నిలిపినవాటిలో గురువు మాటకు లోబడి అన్నం తినడం గూడ ఒకటి.

7. తోటివారికి చేసిన సహాయం

గురుపట్టం లేకుండా బోధిస్తున్నాడని ఆయనను అల్కలాలో 42 రోజులు, సలమంకాలో 22 రోజులు చెరలో పెట్టారు. తప్పేమీ కనిపించక విడిచిపెట్టారు. 1528లో పారిసు విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. మరుసటి ఏడు సాంత్ బార్బ్ కళాశాలలో ఆయన గదిలో ఇద్దరు యువకులుండేవారు. ఒకడు శౌరివారు, అనగా 1542లో గోవాకు వచ్చిన ఫ్రాన్సిస్ జేవియరు. రెండవవాడు సవోయ్ కొండల్లో గొర్రెలు కాచిన పియెర్ ఫావ్ర్.

ఫావ్ర్ మంచివాడే గాని లోపల అనుమానాలతో నలిగిపోయేవాడు. తన పాత బాధనే ఇన్నాసివారు అతనిలో చూచాడు. ఐనా వెంటనే ముప్పై రోజుల సాధన చేయించలేదు. దినదినం ఆత్మపరిశోధన చేసికోమని, వారంవారం పాపసంకీర్తనం చేసి దివ్యసత్ప్రసాదం స్వీకరించమని చెప్పి, ఇంచుమించు నాలుగేళ్ళు ఆగాడు. 1534లోగాని పూర్తి సాధన చేయించలేదు. తరువాతి కాలంలో సాధనలు చేయించడంలో ఫావ్ర్‌ను మించినవాడు లేడని ఇన్నాసివారే చెప్పాడు. 2013లో ఫ్రాన్సిస్ పోపుగారు ఆ ఫావ్ర్‌ను పునీతుల జాబితాలో చేర్చారు. గాయపడిన మనసు మానడానికి కాలం పడుతుందని, తొందరపెట్టరాదని మనం ఇక్కడ నేర్చుకోవాలి.

1534 ఆగస్టు 15న మోన్మార్త్ గుట్టమీద ఏడుగురు మిత్రులు మాటపట్టు చేసికొన్నారు. 1540లో యేసుసభకు పోపుగారి ఆమోదం లభించింది. మరుసటి ఏడు ఇన్నాసివారిని దానికి పెద్దగా ఎన్నుకొన్నారు. చివరి పదిహేనేళ్ళు ఆయన రోములోనే ఉండి సభను నడిపాడు. ఆయన పేరిట వెళ్ళిన జాబులు ఇంచుమించు 7,000 దాకా నేటికీ నిలిచివున్నాయి.

8. కడపటి పరీక్ష

ఒకమారు వైద్యుడు మనసులో దిగులు పెట్టుకోవద్దని సలహా ఇచ్చాడు. ఇన్నాసివారు తనకు దిగులు పుట్టించేది ఏమిటా అని ఆలోచించి చూచాడు. ఒక్కటే కనిపించింది, తన తప్పేమీ లేకుండా సభ రద్దయిపోవడం. అది జరిగినా పావుగంట ప్రార్థనలో కూర్చుంటే మళ్ళీ సంతోషంగా ఉండగలనని చెప్పాడు.

మాటలు చెప్పడం తేలికే. 1555 మే నెలలో కార్డినల్ కరాఫా నాల్గవ పౌలు అనే పేరుతో పోపు అయ్యాడు. ఆయనకూ ఇన్నాసివారికీ చాలకాలంగా పొత్తు కుదరలేదు. సభను రద్దుచేసినా చేయవచ్చుననే భయం ఉంది. వార్త వినగానే ఇన్నాసివారి ముఖం మారిందని, ఆయన దేహంలోని ఎముకలన్నీ వణికాయని దగ్గర ఉన్న శిష్యుడు వ్రాసిపెట్టాడు. ఒక్కమాట గూడ పలుకకుండా లేచి ప్రార్థనాలయంలోనికి వెళ్ళాడు. కొద్దిసేపటి తర్వాత వెలుపలికి వచ్చినపుడు, తానే కోరుకొన్న ఎన్నిక జరిగినట్లు ప్రసన్నంగా ఉన్నాడు. పోపుగారు సభను రద్దుచేయలేదు. ఐనా ఆ సంగతి ముందుగా ఎరిగి ఆయన సంతోషించలేదు గదా! ముప్పై ఏళ్ళకు పైగా చేసిన సాధన ఆ కొద్ది నిమిషాల్లో ఫలించింది. సాధన చేసినవాడికి భయం కలుగదని కాదు, ఎముకలు వణుకుతాయి. ఐతే వణికినపుడు ఎక్కడికి వెళ్ళాలో వాడికి తెలుసు.

1556 జూలై 31 తెల్లవారుజామున ఆయన కన్నుమూశాడు. అప్పటికి సభలో ఇంచుమించు వెయ్యిమంది ఉన్నారు. చాలకాలంగా కడుపునొప్పి అని భరించిన బాధ పిత్తాశయపు రాళ్ళవల్ల కలిగిందని మరణానంతరం దేహాన్ని కోసి చూచిన వైద్యుడు కనుగొన్నాడు. యౌవనంలో మితిమీరి చేసిన ఉపవాసాలవల్ల తన ఆరోగ్యం చెడిందని ఆయన గ్రహించి, సభలోనివారు దేహాన్ని చూచుకోవాలని కట్టడి చేశాడు. 1622 మార్చి 12న శౌరివారితో పాటు ఆయనను పునీతుడుగా ప్రకటించారు.

9. మనం చేయవలసింది

ఇన్నాసివారు సంతోషాన్ని గురిగా పెట్టుకోలేదు. దేవుని చిత్తాన్ని వెదకడం ఆయన గురి. సంతోషం సరియైన దారిలో ఉన్నామని తెలిపే గుర్తు. నేను సంతోషంగా ఉన్నానా లేదా అని గంటగంటకు నాడి పట్టుకొని చూచుకొనేవాడికి అది దొరకదు. తోటివాడి మేలుకోసం, దేవునికోసం నడుం కట్టినవాడికి అది వెంటవస్తుంది.

మరొక హెచ్చరిక గూడ అవసరం. వారాలతరబడి నిద్రపట్టక, ఆకలి లేక, బ్రతకాలనిపించక బాధపడేవారిని భక్తి చాలదని మనం నిందించకూడదు. అది జబ్బు కావచ్చు. వారిని వైద్యుని దగ్గరకు తీసికొని పోవడం మన ధర్మం. పునీతుడే ఆ గుంత అంచున నిలబడ్డాడని తెలిసినపుడు, అలాంటి బాధలో ఉన్నవారు సిగ్గుపడనక్కరలేదని గూడ మనకు అర్థమౌతుంది.

మన మేత్రాసనం నూరేళ్ళు నిండిన ఈ తరుణంలో ప్రతి ఇంటా రాత్రి జపం ముగిసిన తర్వాత పది నిమిషాలు మౌనంగా కూర్చుందాం. ఆ రోజు దేవుడిచ్చిన మేలులు మూడు తలచుకొందాం. ఒక తప్పును ఒప్పుకొందాం. రేపటికి ఒక చిన్న నిర్ణయం చేసికొందాం. పిల్లలను గూడ దగ్గర కూర్చోబెట్టుకొందాం. ఇన్నయ్య అనే పేరు ఉన్న ఇళ్ళల్లో ఈ అలవాటు ముందుగా మొదలైతే ఆ పేరు పెట్టుకొన్నందుకు తగిన పని చేసినట్లౌతుంది. జూలై 31న ఆయన పండుగకు గుడికి వెళ్ళినపుడు, మనలో దిగులుతో ఉన్నవారి పేరు ఒక్కటైనా ఆయన వేడుదలకు అప్పగిద్దాం. వెళ్ళి వారిని పలకరిద్దాం.